ఎడమ అంచు

జూన్ 3, సోమవారం

చీకటి స్క్రీన్ మీద రాస్తున్నాను. టెర్మినల్ తెరిచి echo 0 > brightness అని కొట్టాను. ఈ మోడల్లో సున్నా అంటే వెనక దీపం పూర్తిగా ఆరిపోవడమే. లోపల యంత్రం మాత్రం నడుస్తూనే ఉంటుంది. నేను కొట్టే అక్షరాలు ఫైలులో పడుతూనే ఉంటాయి. హాలులో అమ్మ ఉంది, వంటింట్లో రేఖ ఉంది. ఎవరొచ్చి తొంగి చూసినా ల్యాప్‌టాప్ ఆపేసి ఊరికే కూర్చున్నాడని అనుకుంటారు. నలభై ఒక్క ఏళ్ల మగవాడు పెళ్లాం నుంచి దాక్కుని రాసుకోవడం ఏమిటని నాకే నవ్వొస్తోంది.

పెద్ద సంగతేమీ లేదు. నా ల్యాప్‌టాప్ స్క్రీన్ ఎడమ అంచు మసకబారుతోంది. ఎప్పటి నుంచి, ఎంత అని రాసి పెట్టుకుంటే ప్యానెల్ ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. పదకొండేళ్లుగా ఊరందరి స్క్రీన్లు పరీక్షించినవాడిని, నా దానికి ఒక లెక్క ఉండొద్దా.

చీకట్లో ఎందుకంటే, బ్యాటరీ కలిసొస్తుంది.

జూన్ 4, మంగళవారం

పొద్దున చాయ్ తాగుతూ కొలిచాను.

cat max_brightness
937
cat actual_brightness
937

మొదటిది ఈ దీపం ఎంతవరకు వెలగగలదో చెబుతుంది. రెండోది ఇప్పుడు ఎంత వెలుగుతోందో చెబుతుంది. రెండూ ఒకటే అంకె. అంటే దీపం నిండుగా ఉందని యంత్రం అంటోంది. యంత్రాలు చెప్పేవన్నీ నమ్మేటట్టయితే నాకు జీతం ఎందుకిస్తారు.

xrandr --output eDP-1 --brightness 1.2

ఈ కమాండ్ అసలు దీపాన్ని ముట్టుకోదు. బొమ్మలోని రంగులకు సున్నం కొడుతుంది, అంతే. చూసేవాడికి మాత్రం వెలుగు పెరిగినట్టు ఉంటుంది. నేను పనిచేసే రిపేరు షెడ్డులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ నేనే చెబుతాను, దీన్ని చూసి స్క్రీన్ బాగుందనుకోవద్దు, ఇది దొంగ వెలుగు అని. ఈరోజు దాన్నే వాడుకున్నాను. కొంచెం హాయిగా ఉంది.

జూన్ 7, శుక్రవారం

గగన్‌పహాడ్ షెడ్డుకు నలభై మిషన్లు వచ్చాయి. ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న పాత ల్యాప్‌టాప్‌లు. పగిలిన స్క్రీన్లు ఊడదీసి కొత్త ప్యానెళ్లు బిగించేది నిర్మల. బిగించినవి నా బల్ల మీదికి వస్తాయి. పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేస్తాను. మౌస్ ముట్టను, అంతా టెర్మినల్లోనే. దీపం నిండుగా, తర్వాత సగం, తర్వాత సున్నా, మళ్లీ నిండుగా. ఆ తర్వాత తెర మొత్తం తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు. బాగుంటే 'పాస్' అని గట్టిగా అంటాను, లేకపోతే 'ఫెయిల్' అంటాను. వెనక, ఎడమ పక్కగా నిలబడి నిర్మల పుస్తకంలో ఎక్కిస్తుంది. నేను ఏది అంటే అదే రాయాలి, ఎదురు ప్రశ్న వేయకూడదు. ఆ పద్ధతి పెట్టింది నేనే.

సున్నా దగ్గర తెర నల్లబడిపోతుంది కదా. అప్పుడు చూడకుండానే తర్వాతి కమాండ్ కొట్టి వెలుగు రప్పిస్తాను. పదకొండేళ్లలో ఒక్క అక్షరం తప్పు పడలేదు. శ్రావణ్‌కు కళ్లతో పనిలేదని షెడ్డులో అంటుంటారు. నాకు ఆ మాట ఇష్టం.

ఈరోజు తొమ్మిదింటిలో నాలుగు ఫెయిల్. ఎడమ అంచు మసక.

"అన్నా, ఎడమ దిక్కా? జర మల్ల సూడు. నాకైతె మంచిగనే కనవడుతుంది" అంది నిర్మల.

"బిగించేటోళ్లకు అన్నీ మంచిగనే కనవడ్తయి. రాయి" అన్నాను.

రాసింది. నా సొంత ల్యాప్‌టాప్‌లోనూ ఎడమ అంచే, వీటిలోనూ ఎడమ అంచే. ఈ ప్యానెళ్లకు ఏదో జబ్బు పట్టింది.

జూన్ 9, ఆదివారం

హాలులో బల్బు మార్చాను.

"మొన్న పండుగకే గదా కొత్తది పెట్టింది. గిప్పుడు కండ్లు జిగేల్‌మంటున్నయి" అంది రేఖ.

మంచం మీద కూర్చున్న అమ్మ పైకి చూసి, "మీ బాపు గిట్లనే చేసేటోడు" అంది. నాకు ఒళ్లు మండింది. లేచి బయటికి వచ్చేశాను.

బాపు పోయి మూడేళ్లు. అంతకు ముందు ఏడేళ్లు చూపు లేకుండా బతికాడు. చూపు పోతున్న రోజుల్లో ఇంటినిండా బల్బుల గొడవే. నలభైది తీసి అరవైది, అరవైది తీసి వందది, వందది తీసి రెండొందలది. "ఈ బుగ్గ మంచిగ లేదురా, మార్చు" అనేవాడు. బల్బును బుగ్గ అనేవాడు బాపు. స్టూలు ఎక్కి మార్చేది నేనే. చేతులు కాలేవి. దుకాణంవాడు మోసం చేస్తున్నాడని, కరెంటువాళ్లు తక్కువ ఇస్తున్నారని, అమ్మ పొయ్యి పొగతో బుగ్గకు మసి పట్టిస్తోందని, అందరినీ తిట్టాడు. దవాఖానకు పోదామంటే మాత్రం వినలేదు.

నాది వేరే సంగతి. నాది నిజంగానే ప్యానెల్ సమస్య.

జూన్ 12, బుధవారం

ఇవాళ్టితో ఫెయిల్ పదమూడు అయ్యాయి. షెడ్డు యజమాని జగదీశ్ అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"శ్రావణ్, కొత్త ప్యానెళ్లు నా చేతులతోని ఇచ్చిన. కొత్తయి మసకెట్లుంటయి?"

"నాకేమెర్క అన్నా. నువ్విచ్చిందే బిగిస్తుందో, వేరేది బిగిస్తుందో ఎవరు సూశిండ్రు."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. నాకు నిర్మల మీద కోపం లేదు. ఆరేళ్లుగా నా వెనకే నిలబడి రాసిన మనిషి. అయినా మాట వచ్చేసింది. జగదీశ్ అన్న నా ముఖం చూసి, తర్వాత నిర్మల బల్ల వైపు చూశాడు. నేను మాట వెనక్కి తీసుకోలేదు.

జూన్ 14, శుక్రవారం

నిర్మలను రేపటి నుంచి రావద్దన్నారు. కొత్త ప్యానెళ్లు బయట అమ్ముకుని పాతవి బిగిస్తోందని షెడ్డంతా అనుకుంటున్నారు.

ఆమె తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది. "శ్రావణ్ అన్నా, నువ్వన్న చెప్పు. ఆరేండ్లల్ల ఒక్క స్క్రూ ఇంటికి తీస్కపోయిననా?"

"నేను సూసింది చెప్పిన" అన్నాను.

నిర్మల తన స్క్రూడ్రైవర్ల డబ్బా చేతిలోకి తీసుకుంది. జగదీశ్ అన్న డబ్బా ఒకసారి విప్పి చూపించమన్నాడు. అందరూ చూస్తుండగా కింద కూర్చుని విప్పింది. లోపల స్క్రూడ్రైవర్లు, ఒక పాత దువ్వెన, చిన్న గుడ్డ ఉన్నాయి. మూత పెట్టుకుని కొత్వాల్‌గూడ పోవడానికి ఆటో ఎక్కింది.

నేను చూసింది చెప్పాను. చూసిందే చెప్పాను.

జూన్ 15, శనివారం

దొంగ వెలుగు 1.3.

జూన్ 18, మంగళవారం

సాయంత్రం ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఎడమ పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. అమ్మ అనుకుని "ఏందమ్మా" అన్నాను. తల తిప్పితే ఎవరూ లేరు. కిటికీ ఉంది, కిటికీ అవతల దిగుతున్న విమానం ఉంది. మళ్లీ తెర వైపు తిరిగాను. మళ్లీ ఉన్నారు. కదలడం లేదు, ఊరికే నిలబడి నేనేం చేస్తున్నానో చూస్తున్నట్టు. మూడుసార్లు ఇలాగే అయింది. మూడోసారి తల తిప్పలేదు.

బాపు చివరి నెలల్లో ఇలాగే ఎడమ పక్కకు తిరిగి అడిగేవాడు. "ఎవరది? జంగయ్యవా?" అని. జంగయ్య, బాపు కలిసి ఎయిర్‌పోర్ట్ రోడ్డులో ఒక గోదాము గేటు దగ్గర కాపలా ఉండేవాళ్లు. అక్కడ ఏదో దొంగతనం జరిగితే జంగయ్యను తీసేశారు. ఆ తర్వాత ఆయన మా గడప తొక్కలేదు. మరి బాపు రోజూ ఆయన్నే ఎందుకు పిలిచాడో నేను అడగలేదు. ముసలితనం అనుకున్నాను.

భయమేసింది. ఎవరూ చూడని ఫైలు కాబట్టి రాస్తున్నాను, బాగా భయమేసింది.

జూన్ 24, సోమవారం

నిర్మల జాగాలో సునీత వచ్చింది. చురుకైన పిల్ల. ప్యానెల్ డబ్బాలు జగదీశ్ అన్న కళ్ల ముందే విప్పారు, ఆయన కళ్ల ముందే బిగించారు.

మొదటి మిషన్ నా ముందుకు వచ్చింది. తెల్ల తెర పెట్టాను. ఎడమ అంచు మసక.

రెండోది. ఎడమ అంచు మసక.

సునీత పుస్తకం పట్టుకుని నా మాట కోసం నిలబడింది. "పాస్" అన్నాను. రెండోదీ పాస్ అన్నాను. మొత్తం పదకొండూ పాస్. ఊరికే ఇంకొకరి ఉద్యోగం ఎందుకు తీయించాలి, అందుకని.

జూన్ 25, మంగళవారం

అన్నీ పాస్.

జూన్ 26, బుధవారం

అన్నీ పాస్. ఇంట్లో 1.5 పెట్టాను. అక్షరాలు సున్నంలో కలిసిపోతున్నాయి. ఎడమ పక్కన ఆ మనిషి మాత్రం అలాగే ఉన్నాడు. ఎంత వెలుగు పెంచితే అంత నల్లగా ఉన్నాడు.

జూలై 1, సోమవారం

ఆరాంఘర్ దాటాక బండి ఒక ఆటోను రాసుకుంది. ఎడమ అద్దం పోయింది. ఆటో డ్రైవర్ "కండ్లు నెత్తికెక్కినయా" అని తిట్టాడు. మామూలుగా అయితే కొట్లాటకు దిగేవాణ్ని. ఏమీ అనకుండా వచ్చేశాను.

ఇంటికి వచ్చి తెల్ల తెర పెట్టుకుని చూశాను. ఎడమ అంచు మసక. రేఖ ఫోను తీసుకుని చూశాను, అదీ అంతే. తర్వాత ఎదురుగా గోడ చూశాను. మొన్న ఉగాదికి వేయించిన తెల్ల సున్నం. ఒక కన్ను మూసి, మరో కన్ను మూసి, చాలాసేపు చూశాను.

గోడకు ప్యానెల్ లేదు. గోడ వెనక దీపం లేదు.

జూలై 2, మంగళవారం

రాయడానికి ఏమీ లేదు.

జూలై 5, శుక్రవారం

మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయాక సునీత ఒక మిషన్ తెచ్చి నా ముందు పెట్టింది.

"అన్నా, ఇది నువ్వు పాస్ అన్నవు. ఎడమ దిక్కు సూడు."

చూశాను. ఏమీ లేదు.

"పైనుంచి కింది దాక పచ్చ గీత ఉన్నదన్నా. నా వేలంత ఉన్నది."

మెడ పూర్తిగా ఎడమకు తిప్పాను. అప్పుడు కనిపించింది, నిజంగానే వేలంత గీత. "పొద్దున లేకుండె" అన్నాను. నా గొంతు నాకే బాపు గొంతులా వినిపించింది.

సునీత మూలన పెట్టిన పాత ఫెయిల్ మిషన్లు చూపించింది, నిర్మల బిగించినవి. "ఫోన్ల వెలుగు కొలిచే యాప్ ఉంటది గదా. దాంతోని అన్నీ కొలిచిన. ఎడమ దిక్కు, కుడి దిక్కు ఒక్కతీరే ఉన్నయన్నా. పదమూడుకు పదమూడు మంచియే."

"జగదీశ్ అన్నకు చెప్పినవా?"

"చెప్పలె. నువ్వే చెప్తవని ఆగిన."

చెబుతానన్నాను. చెప్పలేదు. సాయంత్రం జగదీశ్ అన్న ఎదురుపడి "ఏంది శ్రావణ్, నీరసంగున్నవ్" అంటే కడుపులో బాగాలేదన్నాను.

జూలై 8, సోమవారం

నాకు తలనొప్పి అని రేఖకు చెప్పి దవాఖానకు పోయాను. ఒక తెల్లటి గిన్నెలాంటి దాంట్లో తల పెట్టించారు. ఎదురుగా చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న చుక్క వెలుగుతుంది, కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. నేను మిషన్లను పరీక్షించే పద్ధతే ఇది. ఇప్పుడు తెర స్థానంలో నేనున్నాను. చాలాసేపు ఏ చుక్కా రాలేదు. యంత్రం ఆగిపోయిందేమోనని అడిగాను. లేదు, చుక్కలు వస్తూనే ఉన్నాయని ఆ అమ్మాయి చెప్పింది.

కాగితం చేతికిచ్చారు. ఎడమ వైపంతా నలుపు. గ్లకోమా, అదే నీటికాసుల జబ్బు అన్నారు. పోయిన చూపు తిరిగి రాదు. రోజూ చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలబెట్టుకోవచ్చు. ఇంకా ముందే రావాల్సింది అన్నాడు డాక్టర్. ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అని అడిగాడు.

"మా బాపుకు బుగ్గ మంచిగ ఉండకపోయేది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

జూలై 9, మంగళవారం

అమ్మను అడిగాను, బాపు జంగయ్యను ఎందుకు పిలిచేవాడని. చెబుతుందనుకోలేదు. చెప్పింది.

"గోదాముల సామాను పోయిన పొద్దు జంగయ్య గేటుకాడ లేకుండెనని మీ బాపు చెప్పిండు. జంగయ్య ఉన్నడట కొడుకా. ఎడమ దిక్కు నిలబడ్డడట. మీ బాపుకే కనవడలె. తర్వాత తెలిసింది. తెలిసినంక గూడ చెప్పలె, చెప్తె కండ్లు లేనోడు కాపలేందని తనను తీసేస్తరని."

"నువ్వన్న చెప్పకపోతివా అమ్మా?"

"నాకు చెప్పిందే పానం పోయే ముందట. అప్పటిసంది నేను మోస్తున్న."

జంగయ్య బతికే ఉన్నాడా అని అడిగాను. మైలార్‌దేవ్‌పల్లిలో బిడ్డ దగ్గర ఉంటాడట. ఆయన బతికే ఉన్నాడు. బాపు చచ్చేదాకా పక్కన నిలబెట్టుకున్నది బతికున్న మనిషిని.

నా పక్కన నిలబడుతున్నది ఎవరో ఇవాళ తెలిసింది. ఆరేళ్లు ఆ వైపే నిలబడి రాసింది.

జూలై 11, గురువారం

కొత్వాల్‌గూడ పోయాను. నిర్మల ఇంటి ముందు కూర్చుని పాలకూర కట్టలు కడుతోంది. రేపటి మార్కెట్‌కు. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. నిలబడే అంతా చెప్పాను. దవాఖాన కాగితం చూపించాను.

"నాకెర్కనే అన్నా" అంది కాగితం చూడకుండానే. "చాయ్ గిలాస ఎడమ దిక్కు పెడితె నీ చెయ్యి తాకి ఒలికేది. రెండుసార్లయినంక కుడి దిక్కు పెట్టుడు షురూ చేసిన. నువ్వు ఎన్నడన్న సూశినవా?"

చూడలేదు. చాయ్ ఏ వైపు ఉంటుందో ఎవరు చూస్తారు.

"మరి జగదీశ్ అన్నకు ఎందుకు చెప్పలె?"

"ఏమని చెప్పాలె? దొంగతనం బయటవడ్డదని ఆయన కండ్ల మీద పెడుతుందనకపోదురా? పాస్ అన్నా ఫెయిల్ అన్నా నువ్వన్నదే మాట. నేను రాసేదాన్ని."

తప్పయింది, మాఫ్ చేయమన్నాను. కట్ట ముడివేసి పక్కన పెట్టింది.

"ఇంటికొచ్చి నా ఒక్కదానికి చెప్తె ఏమొస్తదన్నా. డబ్బ ఇప్పిచ్చింది అందరి ముంగట. గా అందరి ముంగటనే చెప్పు. సోమవారం వస్త. చెప్పకపోతె ఇగ నా ఇంటికి రాకు."

జూలై 12, శుక్రవారం

పనికి పోయాను. చెప్పలేదు. సోమవారం అని ఆమే అంది కదా. పరీక్ష బల్ల పోతే నాకు ఇంకేం పని వచ్చు. రేఖకు ఇంకా తెలియదు. బాపుకు కూడా ఇలాంటి శుక్రవారం ఒకటి ఉండే ఉంటుంది.

జూలై 14, ఆదివారం

రేఖకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను, ఏడ్చింది. తర్వాత సీసా తీసుకుని తల వెనక్కి వంచమంది, తనే చుక్కలు వేసింది.

xrandr --output eDP-1 --brightness 1.0

సున్నం పోయింది. రంగులు ఎలా ఉండాలో అలా ఉన్నాయి.

జూలై 15, సోమవారం

పదింటికల్లా అందరూ వచ్చారు. వాకిలి వైపే చూస్తూ కూర్చున్నాను. పదిన్నర అయింది. నిర్మల రాలేదు. ఎక్కడో లోపల హాయిగా అనిపించింది, ఆ మాట దాచను. ఇవాళ చెప్పకపోయినా తప్పు నాది కాదు, రానిది ఆమే, అని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క ఎవరి దగ్గర నేర్చుకున్నానో గుర్తొచ్చింది. లేచి, వాకిలిని ఎడమ పక్కకు వదిలి, అందరి వైపు తిరిగాను.

"అందరు జర ఇటు సూడుండ్రి" అన్నాను. "నిర్మల బిగిచ్చిన ప్యానెళ్లన్నీ మంచియే. ఆమె ఏం మార్చలె, ఏం అమ్మలె. ఖరాబైంది నా కండ్లు. నాకు ఎడమ దిక్కు కనవడదు. ఆమె వోయినంక గూడ అన్నిట్ల మసకనే కనవడ్డది, అప్పుడే నాకు తెలిసింది. తెలిసి గూడ నోరు మూసుకొని అన్నీ పాస్ అన్న. ఆమె దొంగ కాదు."

జగదీశ్ అన్న తల దించుకున్నాడు. "డబ్బ ఇప్పిచ్చింది నేను" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. తర్వాత నా వైపు చూసి, "గీ మాట ఆమె ముంగట అనాలె శ్రావణ్" అన్నాడు.

"వస్తనన్నదన్నా. రాలె."

అందరూ నా వైపే చూస్తున్నారు, నా వైపు కాదు, నాకు కొంచెం పక్కకు. సునీత మెల్లగా అంది. "అన్నా, నిర్మలక్క నీ పక్కనే ఉన్నది. నువ్వు లేశినప్పటిసంది గాడనే నిలబడ్డది."

ఎడమ వైపు నల్లగా ఎవరో ఉన్నారని నాకు తెలుస్తూనే ఉంది. రోజూ ఉండేదే కదా అనుకున్నాను. మెడ పూర్తిగా తిప్పాను. నిర్మల ఉంది. చేతిలో స్క్రూడ్రైవర్ల డబ్బా ఉంది.

"అంత ఇన్న" అంది.

జూలై 16, మంగళవారం

పరీక్ష బల్ల ఇప్పుడు నిర్మలది. కమాండ్లు నేర్పమని నన్ను పక్కన కూర్చోబెట్టారు. సున్నా కొట్టి, నల్ల తెర మీద చూడకుండా వెలుగు రప్పించడం ఇవాళ నేర్పాను. మూడుసార్లు తప్పు కొట్టింది, నాలుగోసారి వచ్చింది. పనికి సంబంధించిన మాట తప్ప నాతో ఇంకో మాట మాట్లాడలేదు. చాయ్ వచ్చినప్పుడు మాత్రం గ్లాసు నా కుడి వైపు పెట్టింది.

ఆదివారం అమ్మా, నేనూ మైలార్‌దేవ్‌పల్లి పోతున్నాం. జంగయ్యకు ఏం చెప్పాలో అమ్మ దారి పొడవునా అనుకుంటానంది.

echo 937 > brightness

ఈరోజు వెలుగులోనే రాస్తున్నాను. రేఖ పక్కన కూర్చుని మొదటి నుంచి చదువుతానంది, చదవనిచ్చాను. హాలులో పాత బల్బే మళ్లీ పెట్టాను.

బాపూ, బుగ్గ మంచిగనే ఉండె.